రెక్కల నేత

అమీర్‌పేట, హైదరాబాద్
4 జూన్ 2025

కాంతవ్వ పెద్దమ్మకు నీ ఉష రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నది.

ఫోన్ చేస్తే నీకు వినబడదు. మెసేజ్ పెడితే నీ కొడుకు ఓంప్రకాష్ అన్న సగం చదివి సగం మింగేస్తాడు. నలభై ఏళ్లు షోలాపూర్ సాంచాల, ఆ కరెంటు మగ్గాల, చప్పుడులో పనిచేసి చెవులు పోగొట్టుకున్న మా పెద్దమ్మకు కాగితమే మేలు.

పెద్దమ్మా, నాకు పెద్ద పని వచ్చింది. 'వెన్నెల కొంగ' కథ గుర్తుందా? జాబిల్లి పొడవని ఊరు, జాబిల్లిని వెతకడానికి కొంగ మీదెక్కి తొమ్మిది కొండలు దాటే మల్లి అనే పిల్ల. అమ్మ ఉన్నప్పుడు మాకు అన్నం తినిపిస్తూ చెప్పేది. దాన్ని ఇప్పుడు మళ్లీ సినిమాగా తీస్తున్నారు. డైరెక్టర్ సంహిత మేడం, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. దుస్తులన్నీ చూసుకునేది సురేందర్ అన్న. కొంగ రెక్కలు కుట్టే పని నాకిచ్చారు. జులై ఇరవైలోపు ఒక్క రెక్క తయారు చేసి, గాలికి ఆడించి చూపాలి. నచ్చకపోతే రెక్కలు కంప్యూటర్లోనే గీసుకుంటారట. పదహారేళ్లుగా ఎవరెవరి బట్టలకో అంచులు మడిచి కుడుతున్నాను. ఇది నేను చేశాను అని వేలు పెట్టి చూపించుకునే పని నాకు ఇదొక్కటే దొరికింది. పోగొట్టుకోలేను.

అందుకని ఇంతకు ముందు తీసినవన్నీ కూర్చుని చూశాను. మూడున్నాయి. మేం చిన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీలో వచ్చిన సీరియల్ ఒకటి. అందులో కొంగకు కోడి ఈకలు అతికించారు, అది ఎగురుతుంటే మాకు కూర గుర్తొచ్చేది. పదేళ్ల కిందటి కార్టూన్ ఇంకొకటి. ఈకలు లెక్కపెట్టుకోవచ్చు, అంత బాగా గీశారు. కానీ ఆ కొంగ బతికి ఉన్నట్టు ఉండదు.

మూడోది అన్నిటికంటే పాతది, యాభై ఏళ్ల కిందటి నలుపు తెలుపు సినిమా. ఎవరో టీవీలో వస్తుంటే మధ్యలోంచి పట్టి నెట్లో ఎక్కించినట్టున్నారు, మొదలు లేదు. మెట్రోలో ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాను. నిప్పుల వాన కురుస్తుంటే కొంగ మల్లిని రెక్కల కింద దాచుకుంటుంది చూడు, అక్కడ ఆపి రెండుసార్లు వెనక్కి జరిపి చూశాను. ఆ రెక్క ఊపిరి తీసుకుంటున్నది పెద్దమ్మా! ఒట్టి గుడ్డ అని తెలుస్తూనే ఉంది, అయినా ఊపిరి తీసుకుంటున్నది. పంజాగుట్టలో దిగాల్సినదాన్ని ఖైరతాబాద్ దాకా పోయాను.

ఆ గుడ్డ ఒకచోట ఒత్తుగా ఉంది, ఒకచోట జల్లెడలా ఉంది. ఎవరు నేశారో గానీ అది మామూలు చేయి కాదు. ఆ సినిమాకు గుడ్డ మీ ఇంటినుంచే పోయిందని అమ్మ ఒకసారి అన్నట్టు గుర్తు. నిజమేనా? తుకారాం పెద్దబాపు నేశాడా? ఎలా నేశాడో నీకేమైనా చెప్పాడా?

నీ జవాబు కోసం పోస్టుమన్ దారి చూస్తూ,
ఉష

*

షోలాపూర్
11 జూన్ 2025

ఉషకు పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నేను పంపిన చాదర్‌ను వేడినీళ్లలో నానబెట్టకు, రంగు పోతుంది. పోయిన తర్వాత నన్ను అనకు.

గుడ్డ సంగతి నన్నెందుకు అడుగుతున్నావు? సిరిసిల్లలో మా ఇంటి నుంచి ఎన్నో గుడ్డలు పోయాయి. అవన్నీ వదిలిపెట్టి దాన్నే పట్టుకున్నావంటే నీకు ఎవరో చెప్పే ఉంటారు. చచ్చి స్వర్గాన ఉన్న మీ అమ్మే చెప్పి ఉంటుంది, దాని నోట్లో నువ్వుగింజ నానేది కాదు.

'అది మామూలు చేయి కాదు' అని రాశావు. ఈ మాట నాకు కొత్త కాదు బిడ్డా. మా అత్త బతికి ఉన్నన్నాళ్లూ నా మొహాన ఇదే మాట కొట్టింది. పెద్ద సిటీలో ఉంటున్నావు, నలుగురితో తిరుగుతున్నావు, నవ్వుకోవడానికి నీకు వేరే ఎవరూ దొరకలేదా? నేనేనా దొరికింది?

ఆ సినిమా నేను చూడలేదు. చూడను కూడా. మీ పెద్దబాపు మూడుసార్లు టికెట్లు తెచ్చాడు, సిరిసిల్లలో ఒకసారి, కరీంనగర్‌లో రెండుసార్లు. నేను గడప దాటలేదు. ఆ ముచ్చట ఇంట్లో ఎత్తొద్దని చెప్పాను, ఆయన ఎత్తలేదు. ఎత్తనివాడు పోయి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు నువ్వు ఎత్తుతున్నావు.

ఓంప్రకాష్ పెద్దకూతురికి నౌకరీ వచ్చింది. సంతోషం. ఉంటాను.
కాంతవ్వ

*

అమీర్‌పేట
18 జూన్ 2025

పెద్దమ్మా, ముందు నీ కాళ్లు పట్టుకుంటున్నాను.

నీ ఉత్తరం చదివి అన్నం ముట్టలేదు. ఎగతాళా? నేనా, నిన్నా? అమ్మ మీద ఒట్టు, నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మీ ఇంటినుంచి గుడ్డ పోయిందన్న ఒక్క ముక్క తప్ప అమ్మ నోట ఇంకేమీ రాలేదు. ఆమెను తిట్టకు. నేను మెచ్చుకుందామని రాసిన మాట నీకు దెబ్బలా తగిలిందంటే అందులో నాకు తెలియని బాధ ఏదో ఉంది. అది చెప్పమని అడగను. చెప్పకపోయినా నువ్వు నా పెద్దమ్మవే.

నా బాధ మాత్రం నీకు చెప్పుకుంటాను, ఇంకెవరితో చెప్పుకోను? పంజాగుట్టలో వాళ్ల ఆఫీసు మేడమీద పెద్ద ఫ్యాను పెట్టి ఇప్పటికి ఏడు రకాల గుడ్డలు ఆడించాం. మల్లు గుడ్డ, షిఫాన్, ఆర్గంజా, ఆఖరికి దోమతెర కూడా. ఒకటి పేపర్‌లా పెళపెళమంటుంది, ఒకటి నీళ్లలో తడిసినట్టు వేలాడుతుంది. మా దగ్గర కాజాలు కుట్టే మంగవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి అన్నది: "గిది కొంగ రెక్కనా, దండెం మీద ఆరేసిన లంగనా?" అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ లోపల ఏడుపొచ్చింది.

సురేందర్ అన్న నెమ్మదిగా చెప్పాడు. "ఉషా, ఫికర్ జేయకు. నీ తప్పేం లేదు. గట్లాంటి గుడ్డ గిప్పుడు ఎక్కడ దొరుకుతది? గ్రాఫిక్స్‌వాళ్లకు ఇచ్చేద్దాం." అంత మంచిగా చెప్తే ఇంకా ఎక్కువ బాధ అవుతుంది.

సంహిత మేడం మాత్రం ఇంకా ఊరుకోలేదు. సీరియల్‌లో కొంగ, కార్టూన్‌లో కొంగ, పాత సినిమాలో కొంగ, మూడిటినీ గోడమీద పక్కపక్కన వేసి చూపించింది. "కార్టూన్‌లో రెక్క కదులుతున్నది. పాతదాంట్లో రెక్క ఆ పిల్ల కోసం భయపడుతున్నది. నాకు అది కావాలి" అన్నది. భయపడే గుడ్డ ఏ దుకాణంలో అడగాలి పెద్దమ్మా?

కోపం తగ్గితే రెండు ముక్కలు రాయి.
నీ ఉష

*

షోలాపూర్
25 జూన్ 2025

బిడ్డా ఉషా,

అన్నం తిను ముందు. నా ఉత్తరం చదివి నువ్వు తిండి మానేసేంత పెద్దదాన్ని కాను నేను.

నీకు తెలియదని నమ్ముతున్నాను. నమ్మాను కనుక చెప్తున్నాను. ఇది చదివి చించెయ్యి.

ఆ గుడ్డ మీ పెద్దబాపు నేయలేదు. నేను నేశాను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. మన ఇళ్లలో ఆడవాళ్లు దారం కండెలు చుడతారు, పడుగు సాపు చేస్తారు, గంజి పెడతారు. మగ్గం గుంటలో దిగి కూర్చునేది మగవాళ్లే. ఆడది కాలు పెడితే మగ్గానికి అరిష్టం అని మా అత్త నమ్మకం. సినిమావాళ్లు ముప్పై గజాల తెల్లగుడ్డ అడిగారు, పలచగా ఉండాలన్నారు, తారీకు చెప్పారు. మీ పెద్దబాపుకు అదే వారం మలేరియా పట్టుకుంది. వణికిపోతున్నాడు. మా అత్త తన కూతురి కాన్పుకని ఊరికి పోయింది. తలుపు గడియపెట్టి నేను గుంటలో దిగాను.

నాకు నేత వచ్చా? చూసి నేర్చుకున్నదే. పడుగు మధ్యలోంచి నాడె అటూ ఇటూ విసరడం వచ్చింది గానీ, అడ్డంగా పడ్డ పేకను దగ్గరికి కొట్టే దెబ్బ నా చేతికి చిక్కలేదు. ఒకసారి గట్టిగా పడేది, ఒకసారి తాకీ తాకనట్టు పడేది. ఆయన నీళ్లని అడిగినప్పుడల్లా లేచేదాన్ని, తిరిగి వచ్చి కూర్చుంటే దెబ్బ మళ్లీ మారిపోయేది. ఆరు రోజులు అట్లా. అయిపోయాక పరిచి చూస్తే నాకే సిగ్గేసింది. ఒక జానెడు ఒత్తు, ఒక జానెడు జల్లెడ. నువ్వు రాసింది అక్షరాలా అదే. అందుకే నా గుండెల్లో గుచ్చుకుంది.

మీ పెద్దబాపు జ్వరం తగ్గకుండానే దాన్ని మూట కట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాడు. రెండు రోజులకు వచ్చాడు. అప్పటికి మా అత్త తిరిగొచ్చింది, మగ్గం మీద మిగిలిన ముక్క చూసి అంతా తెలుసుకుంది. "తప్పు పట్టిండ్రా బిడ్డా?" అని కొడుకును అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఒక్క మాట చెప్పలేదు. ఆ నవ్వు చూసి, గుడ్డను తప్పు పట్టారని నాకు అర్థమయిపోయింది. ఆ ఏడాదే మగ్గం అమ్మేసి షోలాపూర్ వచ్చేశాం. నా చేతివల్లే మగ్గం పోయిందని మా అత్త అన్నది. ఆయన కాదనలేదు, అవుననలేదు.

ఇక్కడికి వచ్చాక టీవీలో ఒకసారి అదే సినిమా వేశారు. "కాంతా, జర రాయే" అని పిలిచాడు. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేశాను. ఆయన కూడా పూర్తిగా చూడలేదులే. మొదలు పేర్లు పడేదాకా కూర్చుని, టీవీ ఆపి బయటికి పోయాడు. ఆయనకు కూడా ఆ రెక్కలు చూసే ధైర్యం లేదనుకున్నాను.

ఇదీ సంగతి. చెడిపోయిన గుడ్డ కోసం నువ్వు ఊరంతా తిరగకు.
పెద్దమ్మ

*

అమీర్‌పేట
2 జులై 2025

మా బంగారు పెద్దమ్మకు,

చించలేదు. చించను. కొడితే కొట్టు, తిడితే తిట్టు.

ఈ వారం బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం, మా గల్లీ దాకా జనమే జనం. దుకాణం షట్టర్ సగం దించి, ఆ డప్పుల చప్పుడులో నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తర్వాత ఫోన్‌లో ఆ సీన్ పెట్టి ఆపుకుంటూ ఆపుకుంటూ చూశాను.

పెద్దమ్మా, అది చెడిపోవడం కాదు. విను. గాలి వచ్చినప్పుడు పలచటి జానెడు ముందు లేస్తుంది, బరువు లేదు కదా. ఒత్తు జానెడు వెనక నుంచి మెల్లగా లేస్తుంది. దిగేటప్పుడు ఒత్తుది ముందు దిగుతుంది, పలచటిది ఆగి ఆగి దిగుతుంది. అదే ఊపిరి! ఒకే తీరుగా నేసిన గుడ్డ మొత్తం ఒక్కసారే లేచి ఒక్కసారే పడుతుంది, దండెం మీది లంగా లాగా. ఇంకా చెప్పనా? నిప్పుల వెలుగు ఆ పలచటి చోట్లనుంచి దిగి మల్లి మొహం మీద చారలు చారలుగా పడుతుంది. ఏడుస్తున్న పిల్ల మొహం మీద వెలుగు కదులుతుంటుంది. సంహిత మేడం భయం అన్నది దాన్నే. యాభై ఏళ్లనుంచి సినిమా చదువుకునే పిల్లలు ఆ సీన్ చూసి ఎలా తీశారబ్బా అని తలలు పట్టుకుంటున్నారట. అది నా పెద్దమ్మ చేయి!

ఒక తప్పు చేశాను. నువ్వు చించమన్నావు, నేనేమో ఆ ముచ్చటంతా సంహిత మేడంకు చెప్పేశాను. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు గజాలు నేసి పంపగలవా? ఒక్క రెక్కకు చాలు. అక్కడ చేతిమగ్గం ఎవరి దగ్గరైనా ఉంటుందా? మిషన్ మీద నేయిస్తే ఒకే తీరుగా వస్తుంది. నీ తప్పు నువ్వు తప్ప ఎవరూ చేయలేరు.

ఆశగా,
ఉష

*

షోలాపూర్
12 జులై 2025

ఉషకు,

పార్సిల్‌లో గుడ్డ ఉంది. విప్పేటప్పుడు కత్తెర పెట్టకు, దారం విప్పు.

నీ ఉత్తరం చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లంచమిచ్చినా ఎవరూ ఇంత పొగడరు. నువ్వు చెప్పిన పలచటిది ముందు, ఒత్తుది వెనక అన్న ముచ్చట నిజమేనా అని అక్కడక్కడ పలచబడ్డ నా పాత చీర ఒకటి దండెం మీద వేసి పొద్దంతా చూశాను. కోడలు అడిగింది: "అత్తా, ఎండ దెబ్బ తగిలిందా?"

మా గల్లీలో ఒక ముసలాయన ఇంకా చేతిమగ్గం మీద గోడకు వేసే బొమ్మలు నేస్తాడు. ఓంప్రకాష్ పోయి మాట్లాడాడు. ఆయన తెల్ల పడుగు ఎక్కించి ఇచ్చి, పెద్దమనిషిలాగా బయట కూర్చున్నాడు. నేను గుంటలో దిగాను. యాభై ఏళ్లకు. మోకాళ్లు కరకరమన్నాయి. పంతొమ్మిదేళ్లప్పుడు దెబ్బ రాక అట్లా వచ్చింది, ఇప్పుడు చేయి వణికి అట్లా వచ్చింది. నువ్వు అడిగిన తప్పు బాగానే వచ్చిందనుకుంటున్నాను.

మా ఇంటి ముచ్చట పరాయివాళ్లకు చెప్పినందుకు నీ చెవి మెలేయాలి. వచ్చినప్పుడు మెలేస్తాను. చెప్పిందేదో చెప్పావు, నా పేరు మాత్రం ఎక్కడా రాయించకు. మీ పెద్దబాపు కుటుంబంలో ఆడది మగ్గం మీద కూర్చున్నదని నలుగురికి తెలిస్తే ఆయనకు చిన్నతనం. బతికినన్నాళ్లు దాచాడు. ఆయన దాచినదాన్ని నువ్వు బయట పెట్టకు.

కాంతవ్వ

*

అమీర్‌పేట
21 జులై 2025

పెద్దమ్మా,

కూర్చుని చదువు. నిలబడి చదవకు.

రెక్క మొన్న చూపించాం. పంజాగుట్ట మేడ మీదే, అదే ఫ్యాను. మంగవ్వ స్విచ్ వేసింది. నీ గుడ్డ ముందు కదల్లేదు. తర్వాత ఒక అంచు లేచింది, దాని వెనక ఇంకొకటి. రెక్క నిండా గాలి పోసుకుని, ఆగి, మెల్లగా వదిలింది. సురేందర్ అన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. "గిదేందిరా నాయనా, బతికున్నది!" అన్నాడు. మేడం మెల్లగా నడిచి పోయి ఆ రెక్క కింద కూర్చుంది, చిన్నపిల్లలాగా. ఫ్యాను ఆపమని ఎవరూ అనలేదు. కింద రోడ్డు మీద అన్ని హారన్లు మోగుతున్నా నాకు ఒక్కటీ వినబడలేదు. ఇక రెక్కలు గుడ్డతోనే, కంప్యూటర్లో కాదు. పని నాదే. సిరిసిల్లలో మగ్గం మాట్లాడాం, మిగతా గుడ్డకు నువ్వు పక్కన కూర్చుని చెప్పాలి.

ఇది ఒకటి. రెండోది ఇంకా పెద్దది.

నిన్న ఆదివారం పంజాగుట్టలో ఒక చిన్న హాల్లో పాత సినిమాలు వేసేవాళ్లు మా యూనిట్ కోసం 'వెన్నెల కొంగ' వేశారు. ఫోన్‌లో ఉన్నట్టు మధ్యలోంచి కాదు, మొదటినుంచి. పూర్తి ప్రింటు. నేను కుర్చీలో సర్దుకుంటుంటే పేర్లు పడుతున్నాయి. కథ, మాటలు, కెమెరా. దుస్తులు. ఆ తర్వాత ఒక్కటే లైను, వేరే ఏ పేరూ పక్కన లేకుండా, తెరనిండా:

రెక్కల నేత
కాంతవ్వ, సిరిసిల్ల

నేను గట్టిగా అరిచాను పెద్దమ్మా. అందరూ వెనక్కి తిరిగారు.

మేడం ఈరోజు పొద్దున ఆ సినిమాకు పనిచేసిన ఒక పెద్దాయనను కృష్ణానగర్‌లో వెతికి పట్టుకుంది. తొంభైకి దగ్గర. కొంగ లోపల కూర్చుని రెక్కలాడించింది ఆయనే. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "జ్వరంతో వచ్చిండు గా మనిషి. గుడ్డ గాలికి పట్టంగనే మా డైరెక్టర్ మస్తు మురిసిండు. నేసింది నువ్వేనా అంటే, కాదు సార్, నా ఇంటామె అన్నడు. పేరేస్తం అంటే, నాది కాదు, ఆమెదే ఎయ్యుండ్రి అని ఒక్కటే పట్టు. కాగితం మీద రాసిచ్చి, తప్పు పోకుండ ఇంకోసారి చదివించుకున్నడు."

ఆయన దాచలేదు పెద్దమ్మా. మీ అత్తమ్మ ముందు నోరు విప్పితే నీకు ఇంకా కష్టమని ఊరుకున్నాడేమో, నాకు తెలియదు. కానీ నీకు తెలియాలనే మూడుసార్లు టికెట్లు తెచ్చాడు. నువ్వేమో ఆ ముచ్చట ఎత్తొద్దన్నావు.

వచ్చే నెల పదో తారీకున వాళ్లు మళ్లీ వేస్తారు. నీకోసమే. రా.
ఉష

*

షోలాపూర్
17 ఆగస్టు 2025

చిట్టితల్లి ఉషకు,

నిన్న క్షేమంగా ఇల్లు చేరాను. మంగవ్వ కట్టిచ్చిన సకినాలు బండి దిగేలోపే అయిపోయాయి, ఆమెకు చెప్పు. నీ చెవి మెలేయడం మర్చిపోయి వచ్చాను, బాకీ ఉంచుకో.

హాల్లో సినిమా మధ్యలో నేను గట్టిగా ఏడ్చినప్పుడు నువ్వు కంగారుపడి నీళ్ల సీసా నా చేతిలో పెట్టావు. నా పేరు చూసి ఏడ్చానని అనుకుంటున్నావు, మీ మేడం కూడా అట్లాగే అనుకుంది. కాదు బిడ్డా. అక్కడ చెప్పుకోలేకపోయాను, చెవిటిదాన్ని, ఎంత గట్టిగా మాట్లాడుతున్నానో నాకు తెలియదు కదా. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను.

పేరు పడ్డప్పుడు ఏడుపు రాలేదు. మీ పెద్దబాపు మీద కోపం వచ్చింది. పేర్లదాకా కూర్చుని టీవీ ఆపి బయటికి పోయాడు కదా, ఒక్కసారి నా రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చి చూపిస్తే నేనేమైనా కరిచేదాన్నా? అంత మర్యాదస్తుడు ఎందుకైనట్టు? ఆ కోపంలోనే ఉన్నాను, నిప్పుల వాన వచ్చింది, రెక్క తెరుచుకుంది.

నాకు కొంగ కనబడలేదు, మల్లి కనబడలేదు. నా గుడ్డ ఇంటి గోడంత పెద్దగా నా ముందు నిలబడింది. ప్రతి జానెడు గుర్తుపట్టాను. ఇదిగో, ఇక్కడ ఒత్తుగా ఉంది, అప్పుడు ఆయన నిద్రపోయాడు, నేను ధైర్యంగా కొట్టాను. ఇక్కడ జల్లెడ అయింది, అప్పుడు "కాంతా, నీళ్లు" అన్నాడు, లేచి ఇచ్చి వచ్చి కూర్చున్నాను. మళ్లీ ఒత్తు. మళ్లీ నీళ్లు. వెలుగంతా ఆ నీళ్లు అడిగిన చోట్లనుంచే వస్తున్నది బిడ్డా. ఎంత వెలుగో! లెక్కపెట్టాను. ఒక్క ఆ రెక్కలోనే పదకొండుసార్లు అడిగాడు.

సరిగ్గా అప్పుడే నువ్వు నా చేతిలో నీళ్లు పెట్టావు.

సిరిసిల్ల ఎప్పుడు పోవాలో తారీకు రాయి. మోకాళ్లకు నూనె రాస్తున్నాను.

మీ పెద్దమ్మ,
కాంతవ్వ, రెక్కల నేత